లేదని చెప్పడానికి ప్రమాణమేది?

లైనక్స్ కంప్యూటర్‌ను డైరెక్టరీ సర్వీస్‌కు కలిపిన తర్వాత నిర్వాహకుడి దగ్గరికి తరచుగా ఒకే రకం ఫిర్యాదు వస్తుంది. ఫలానా యూజర్ ఫలానా గ్రూప్‌లో ఉండాలి, ఈ మెషీన్‌లో మాత్రం లేడు. ఉండటాన్ని నిరూపించడం తేలిక. జాబితా తెరిచి పేరు చూపిస్తే చాలు. లేకపోవడాన్ని దేన్ని చూపించి నిరూపించాలి? పేరు కనబడలేదు కాబట్టి లేడనుకోవాలా, చూడాల్సిన చోట చూడలేదు కాబట్టి కనబడలేదనుకోవాలా? భారతీయ తర్కశాస్త్రం ఈ ప్రశ్న మీద వందల ఏళ్లు వాదించింది. లేకపోవడం, అంటే అభావం, ఒక పదార్థమేనా? దాన్ని తెలుసుకునే మార్గం, అంటే ప్రమాణం, ఏది? అది ఎన్ని రకాలు? ఆ వాదంలో తేలిన జవాబులు, పోయిన గ్రూప్‌ను వెతుకుతున్న నిర్వాహకుడికి నేరుగా పనికొస్తాయి. చాలా రోజులు తెగని చిక్కుల్లో ఎక్కువ భాగం ఒక రకం అభావాన్ని ఇంకో రకమని పొరబడటం వల్ల వచ్చినవే.

హైదరాబాద్‌లో నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఒకదానికొకటి ఆనుకుని ఉన్న పేటలు. మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల, రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల, కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థలు నారాయణగూడలో ఉన్నాయి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ ఉన్నాయి. అశోక్‌నగర్ సందుల నిండా పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు, హాస్టళ్లు. ఇక్కడికి వచ్చే యువతీయువకుల జీవితం ఏదో ఒక జాబితాలో పేరు ఉండటం, లేకపోవడం మీదే నడుస్తుంది. అడ్మిషన్ జాబితా, హాల్ టికెట్, ఎంపికైనవారి పట్టిక, ల్యాబ్ లాగిన్ అన్నీ అలాంటివే. అందువల్ల లేకపోవడం గురించిన తాత్విక ప్రశ్న ఈ పేటల్లో పుస్తకాలకు పరిమితమైనది కాదు.

ఈ వ్యాసమంతటికీ ఉదాహరణగా ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబును ఊహించుకోవచ్చు. అందులో నలభై యాభై లైనక్స్ మెషీన్లు ఉంటాయి. విద్యార్థుల పేర్లు, పాస్‌వర్డ్‌లు, గ్రూపులు మాత్రం మెషీన్లలో కాక ఒకే డైరెక్టరీలో ఉంటాయి. అది మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ కావచ్చు. అది విండోస్ 2000తో వచ్చింది. మెషీన్ దాన్ని వివరాలు అడిగే పద్ధతి పేరు ఎల్‌డాప్. 1993 ప్రాంతంలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. వచ్చిన మనిషి ఎవరో తేల్చేది కెర్బరోస్. అది 1980లలో ఎమ్‌ఐటీ అథీనా ప్రాజెక్టులో పుట్టింది. లైనక్స్ మెషీన్ తరఫున డైరెక్టరీతో మాట్లాడే మధ్యవర్తి ఎస్‌ఎస్‌ఎస్‌డీ అనే సేవ, లేదా శాంబాకు చెందిన విన్‌బైండ్. ఒక విద్యార్థినిని అధ్యాపకుడు ‘ప్రాజెక్ట్’ గ్రూప్‌లో చేర్చాడు. ఆమె ల్యాబులో కూర్చుని ప్రాజెక్ట్ ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదన్న సందేశం వచ్చింది.

న్యాయ దర్శనం అనే తర్కశాఖ ప్రకారం అభావం గురించి మాట్లాడాలంటే రెండు సంగతులు ముందే తేలాలి. దేని అభావం? ఎక్కడ అభావం? మొదటిదాన్ని ప్రతియోగి అంటారు, రెండోదాన్ని అధికరణం అంటారు. నేల మీద కుండ లేదన్నప్పుడు కుండ ప్రతియోగి, నేల అధికరణం. ఈ రెండూ చెప్పకుండా ఊరికే లేదంటే ఆ మాటకు అర్థం పూర్తికాదు. ‘యాక్సెస్ రావడం లేదు’ అన్న ఫిర్యాదు ఇలాంటి అసంపూర్ణ వాక్యమే. ఏ గ్రూప్ రావడం లేదు, ఎక్కడ రావడం లేదు అని అడగడంతోనే సగం పని అయిపోతుంది.

‘ఎక్కడ’ అన్నదానికి ఇక్కడ ఒక్క జవాబు లేదు. సభ్యత్వం మొదట డైరెక్టరీలో నమోదై ఉంటుంది. అక్కడి నుంచి తెచ్చుకున్న నకలు మెషీన్‌లోని ఎస్‌ఎస్‌ఎస్‌డీ క్యాష్‌లో ఉంటుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ మరిచిపోయేదీ అదే. లైనక్స్ కెర్నెల్‌కు గ్రూపుల పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. లాగిన్ అయ్యే క్షణంలో ఆ యూజర్‌కు ఉన్న గ్రూపులన్నిటి అంకెలనూ మొదటి ప్రాసెస్‌కు తగిలిస్తారు. దాని నుంచి పుట్టిన ప్రతి ప్రాసెస్‌కూ ఆ అంకెలు వారసత్వంగా వస్తాయి. ఫైల్ తెరిచేటప్పుడు కెర్నెల్ ఆ అంకెలనే చూస్తుంది. డైరెక్టరీని మళ్లీ అడగదు. గ్రంథాలయ సభ్యత్వంలోనూ ఇంతే. అసలు రిజిస్టర్ ఆఫీసులో ఉంటుంది, దాని ప్రతి కౌంటర్ దగ్గర ఉంటుంది, కార్డు సభ్యుడి జేబులో ఉంటుంది. గేటు దగ్గర ఉన్నాయన కార్డు మాత్రమే చూస్తాడు. కాబట్టి ఒకే సభ్యత్వం ఒక అధికరణంలో ఉండి ఇంకోదాంట్లో లేకపోవచ్చు. అందులో వైరుధ్యం ఏమీ లేదు. అధికరణం పేరు చెప్పకుండా ‘ఉంది’, ‘లేదు’ అని వాదించుకునే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

సభ్యత్వం గురించి తెలుసుకునే మార్గాలు కూడా అధికరణాలను బట్టి మారతాయి. లైనక్స్‌లో ‘ఐడీ’ అనే ఆదేశం ఉంది. పేరు ఇవ్వకుండా ఆ ఒక్క మాటే కొడితే, అది ప్రస్తుత ప్రాసెస్‌కు తగిలించి ఉన్న అంకెలను కెర్నెల్ నుంచి తెచ్చి చూపిస్తుంది. దాని పక్కన యూజర్ పేరు కూడా చేర్చి కొడితే, ప్రాసెస్‌ను వదిలేసి, డైరెక్టరీ తరఫున ఎస్‌ఎస్‌ఎస్‌డీ ఏం చెబుతుందో అది చూపిస్తుంది. మొదటిది ప్రత్యక్షానికి, అంటే నేరుగా చూడటానికి, దగ్గర. రెండోది శబ్దం, అంటే నమ్మదగినవాడి మాట మీద ఆధారపడిన జ్ఞానం. ఈ రెండు జవాబులూ వేరువేరుగా వస్తే కంగారు పడనక్కర్లేదు. అసలు రోగం ఎక్కడుందో ఆ తేడాయే చెబుతుంది. పేరుతో అడిగితే ప్రాజెక్ట్ గ్రూప్ కనబడి, పేరు లేకుండా అడిగితే కనబడకపోతే, డైరెక్టరీలోనూ మెషీన్ నకలులోనూ లోపం లేదు. ఆ సెషన్ మాత్రమే పాతది.

శబ్దప్రమాణానికి ఇంకో షరతు ఉంది. చెప్పేవాడు నమ్మదగినవాడైతే చాలదు, అతని మాటకు అర్థం వినేవాడికి తెలిసి ఉండాలి. ఎల్‌డాప్ డైరెక్టరీలు గ్రూప్ సభ్యులను రెండు రకాలుగా రాస్తాయి. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2307 అనే పత్రం చెప్పిన పద్ధతిలో సభ్యుల లాగిన్ పేర్లు మాత్రమే ఉంటాయి. దాని సవరించిన రూపంలో ఒక్కో సభ్యుడికీ డైరెక్టరీలోని పూర్తి చిరునామా ఉంటుంది. డైరెక్టరీ ఒక పద్ధతిలో రాస్తుండగా మెషీన్ ఇంకో పద్ధతిలో చదివితే, గ్రూప్ కనబడుతుంది, అందులో ఒక్కరూ కనబడరు. సాక్షి అబద్ధం ఆడలేదు. విన్నవాడికి భాష రాలేదు.

ఇక అసలు వివాదం. కుండ లేదని ఎలా తెలుస్తుంది? కుమారిలభట్టు సంప్రదాయానికి చెందిన మీమాంసకులు దీనికి ప్రత్యేకంగా ఒక ప్రమాణం కావాలన్నారు. దాని పేరు అనుపలబ్ధి, కనబడకపోవడం. అద్వైతులూ దీన్ని ఆరో ప్రమాణంగా ఒప్పుకున్నారు. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు ఒప్పుకోలేదు. అభావం కంటితోనే తెలుస్తుంది, కనబడకపోవడం దానికి తోడ్పడే కారణం మాత్రమేనన్నారు. ప్రాభాకర మీమాంసకులు ఇంకా ముందుకు వెళ్లి, అభావం అనే వేరే వస్తువే లేదు, ఉన్నది ఖాళీ నేల మాత్రమేనన్నారు. పక్షాలు ఎన్నున్నా, అభావ జ్ఞానాన్ని ఒప్పుకున్నవారు ఒక్క విషయంలో కలుస్తారు. ప్రతి కనబడకపోవడమూ లేకపోవడానికి ఆధారం కాదు. ఉండి ఉంటే తప్పక కనబడేదే అన్న స్థితి ఉన్నప్పుడు మాత్రమే కనబడకపోవడం లెక్కకు వస్తుంది. దీన్ని యోగ్యానుపలబ్ధి అంటారు. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు.

బౌద్ధ తార్కికుల్లో ఈ సంగతిని అతి పదునుగా చెప్పినవాడు ఏడో శతాబ్దపు ధర్మకీర్తి. చూడటానికి వీలైన వస్తువు కనబడకపోతే అది లేదని నిశ్చయించవచ్చు. చూడటానికి వీలుకాని వస్తువు కనబడకపోతే సందేహం మాత్రమే మిగులుతుంది. ధర్మకీర్తి ఏ ఆచార్యుడి గ్రంథం మీద వ్యాఖ్యానం రాశాడో ఆ దిఙ్నాగుడికి తెలుగు నేలతో సంబంధం ఉంది. వేంగి రాజధానిగా ఉన్న ఆంధ్రదేశంలో ఒక కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించాడని ఏడో శతాబ్దంలో ఇటు వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ రాసిపెట్టాడు.

డైరెక్టరీకి కలిపిన లైనక్స్ మెషీన్‌లో ధర్మకీర్తి హెచ్చరిక అడుగడుగునా అవసరమవుతుంది. ‘గెట్‌ఎంట్ గ్రూప్’ అనే ఆదేశం మెషీన్‌కు తెలిసిన గ్రూపులన్నిటినీ వరసగా చూపాలని చాలామంది ఆశిస్తారు. డైరెక్టరీ గ్రూపులు అందులో కనబడవు. దాంతో మెషీన్ సరిగా కలవలేదని తేల్చేసి, కలిపిన పనంతా తీసేసి మళ్లీ మొదలుపెడతారు. ఎస్‌ఎస్‌ఎస్‌డీ మామూలుగా మొత్తం జాబితాను ఇవ్వదు. వేల పేర్లున్న డైరెక్టరీని పూర్తిగా దింపుకోవడం భారం కాబట్టి దాన్ని అలాగే తయారుచేశారు. ఒక గ్రూప్ పేరు చెప్పి అడిగితే మాత్రం చెబుతుంది. మొత్తం జాబితాలో కనబడకపోవడం చీకటి గదిలో కనబడకపోవడం లాంటిదే. పేరు పెట్టి అడిగినప్పుడు కనబడకపోతే దానికి విలువ ఉంటుంది.

యాక్టివ్ డైరెక్టరీలో ‘డొమైన్ యూజర్స్’ గ్రూప్ సంగతి ఇంకా విచిత్రం. మామూలుగా ప్రతి యూజర్‌కూ ప్రాథమిక గ్రూప్ అదే. కానీ ఆ గ్రూప్ సభ్యుల జాబితాలో వాళ్ల పేర్లు ఉండవు, యూజర్ రికార్డులోని సభ్యత్వాల జాబితాలో ఆ గ్రూప్ పేరూ ఉండదు. యూజర్ రికార్డులో వేరే గడిలో 513 అనే సంఖ్య ఉంటుంది, సంబంధమంతా అదే. అందరికీ సహజంగా ఉన్న సభ్యత్వం, సభ్యత్వాలు రాసే చోట కనబడదన్నమాట. ఎల్‌డాప్‌లో సభ్యుల జాబితా మాత్రమే చదివే పాత స్క్రిప్టులు ఇక్కడ తప్పుతాయి. చూసేవాడి కంట్లో లోపం లేదు, వెలుతురూ ఉంది. చూసిన చోటే సరైనది కాదు.

అభావం వేరే పదార్థమా, ఉత్త ఖాళీ నేలేనా అన్న తగవు కూడా ఇక్కడ తాకుతుంది. కెర్నెల్ ప్రాభాకరుల పక్షం. దాని దగ్గర ఉన్న అంకెల జాబితా తప్ప, ఈ అంకె లేదు అన్న నమోదు ఎక్కడా ఉండదు. ఎస్‌ఎస్‌ఎస్‌డీ మాత్రం అభావాన్ని రాసిపెట్టుకుంటుంది. ఒక పేరు అడిగితే డైరెక్టరీలో లేదని వచ్చిందనుకుంటే, ఆ ‘లేదు’ను మామూలుగా 15 సెకన్ల పాటు గుర్తుంచుకుంటుంది. ఆ లోపల డైరెక్టరీలో ఆ పేరు సృష్టించినా, మళ్లీ అడిగినవాడికి పాత ‘లేదు’నే అందిస్తుంది. దాని పక్కన ఎన్‌ఎస్‌సీడీ అనే పాత క్యాష్ సేవ కూడా నడుస్తుంటే, అది గ్రూపుల విషయంలో తన ‘లేదు’ను సాధారణంగా నిమిషం పాటు నిలబెడుతుంది. రెండూ కలిసి నడిస్తే ఎవరి లేదు ఎప్పటిదో తెలియదు. అందుకే యూజర్లు, గ్రూపుల విషయంలో ఆ రెండిటినీ ఒకే మెషీన్‌లో ఉంచకూడదు. అభావానికి కూడా ఉనికి, వయసు, చోటు ఉంటాయని వాదించిన వైశేషిక దర్శనం వారు ఇలాంటి నమోదును చూస్తే తమ పదార్థం చేతికి దొరికిందనే అనుకునేవారు.

అభావాన్ని నాలుగుగా విడదీసిన పద్ధతి తెలుగువారికి ప్రత్యేకంగా దగ్గరిది. న్యాయ వైశేషికాలు నేర్చుకునేవారికి తొలి పుస్తకంగా దేశమంతా వాడే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగు పండితుడు. ఉమ్మడి కృష్ణా జిల్లా గరికపాడువాడని చెబుతారు. కాశీ వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని పండితుల్లో ఒక మాట ఉంది. ఆయన ఆ చిన్న పుస్తకంలో వివరించిన నాలుగు అభావాలు ఇవి: ప్రాగభావం, ప్రధ్వంసాభావం, అత్యంతాభావం, అన్యోన్యాభావం.

ప్రాగభావం అంటే వస్తువు పుట్టకముందు ఉండే లేమి. దానికి ఆది లేదు, అంతం ఉంది. కుండ తయారుకావడంతో అది పోతుంది. ల్యాబులో కూర్చున్న విద్యార్థిని చిక్కు చాలావరకు ఇదే. ఆమె పొద్దున్నే లాగిన్ అయింది, అధ్యాపకుడు ఆ తర్వాత గ్రూప్‌లో చేర్చాడు. డైరెక్టరీలో సభ్యత్వం పుట్టింది, ఆమె ప్రాసెస్‌లో ఇంకా పుట్టలేదు. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే చాలు. అయితే కొన్ని మెషీన్లలో ఒక సెషన్ మూసేసినా యూజర్ తరఫున వెనకాల నడిచే సేవలు బతికే ఉంటాయి. కొత్తగా తెరిచిన టెర్మినల్ వాటి నుంచే పుడితే పాత అంకెలతోనే వస్తుంది. రీబూట్ చేయగానే పనిచేసిందని జనం చెప్పే ఉదంతాల్లో కొన్నిటికి ఇదే కారణం. సర్వర్లు ఎక్కువైనప్పుడు ఇంకో ఆలస్యం చేరుతుంది. యాక్టివ్ డైరెక్టరీలో ఒక సర్వర్‌లో చేసిన మార్పు వేరే సైట్‌లోని సర్వర్‌కు చేరడానికి మామూలు అమరికలో 180 నిమిషాల వరకు పట్టవచ్చు. పేరుతో అడిగినప్పుడు ఎస్‌ఎస్‌ఎస్‌డీ ఇచ్చే జవాబు కూడా 90 నిమిషాల వరకు పాతది కావచ్చు. ప్రాగభావానికి మందు ఎదురుచూడటమో, క్యాష్‌ను చెల్లకుండా చేసి మళ్లీ లాగిన్ అవడమో. ఈ అభావాన్ని అత్యంతాభావం, అంటే ఎప్పటికీ తీరని లేమి, అనుకుని కాన్ఫిగరేషన్ ఫైళ్లు తిరగరాసేవాడు, లేని రోగానికి మందు వేసి కొత్త రోగం తెస్తాడు.

ప్రధ్వంసాభావం వస్తువు నశించాక ఉండే లేమి. దానికి ఆది ఉంది, అంతం లేదు. పగిలిన కుండ స్థానంలో కుమ్మరి అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసినా, పగిలిన కుండ తిరిగి రాదు. కొత్తది కొత్తదే. ఇది మాటల పట్టింపులా అనిపించవచ్చు. డైరెక్టరీలో ఇది అక్షరాలా నిజం. యాక్టివ్ డైరెక్టరీలో ప్రతి గ్రూప్‌కూ ఎస్‌ఐడీ అనే విశిష్ట గుర్తు ఉంటుంది. ఎవరో పొరపాటున ప్రాజెక్ట్ గ్రూప్‌ను తొలగించి, కంగారులో అదే పేరుతో, అదే సభ్యులతో మళ్లీ సృష్టిస్తే, కొత్త గ్రూప్‌కు కొత్త ఎస్‌ఐడీ వస్తుంది. ఎస్‌ఎస్‌ఎస్‌డీ ఆ గుర్తు నుంచే లైనక్స్ అంకెను లెక్కగడుతుంటే, అంకె కూడా మారిపోతుంది. పాత ఫైళ్లు పాత అంకెతోనే మిగిలిపోతాయి. పేరు ఒకటే, సభ్యులు ఒకటే, జాబితా అంతా సరిగ్గా ఉంది. అయినా ఎవరికీ ఫోల్డర్ తెరుచుకోదు. ఇలాంటప్పుడు సభ్యులను తీసి మళ్లీ చేర్చుతూ కూర్చోవడం వృథా. ఫైళ్ల గ్రూప్‌ను కొత్త అంకెకు మార్చాలి, లేదా డైరెక్టరీ రీసైకిల్ బిన్ ముందే ఆన్ చేసి ఉంటే అందులోంచి పాత గ్రూప్‌ను పాత గుర్తుతోనే వెనక్కి తేవాలి.

నాశనం అన్ని చోట్లా ఒకేసారి జరగదు. ఒకరిని డైరెక్టరీలో గ్రూప్ నుంచి తీసేసినా, అప్పటికే నడుస్తున్న అతని ప్రాసెస్‌లలో పాత అంకె ఉంటుంది. కెర్నెల్ దాన్నే నమ్ముతుంది. కెర్బరోస్ టికెట్‌లో పొందుపరిచిన గ్రూపుల వివరాలూ ఆ టికెట్ గడువు తీరేదాకా, యాక్టివ్ డైరెక్టరీ మామూలు అమరికలో 10 గంటలు, అలాగే ఉంటాయి. చేర్చినది కనబడకపోతే యూజర్ వెంటనే ఫిర్యాదు చేస్తాడు. తీసేసినది ఇంకా పనిచేస్తుంటే ఎవరూ ఫిర్యాదు చేయరు. అందుకే రెండో రకం లోపం ఎక్కువ ప్రమాదకరం. బాధ్యత తెలిసిన నిర్వాహకుడు ఎవరి హక్కునైనా తీసేసినప్పుడు అతని సెషన్లను కూడా ముగించి, ప్రాసెస్‌లో అంకె పోయిందో లేదో చూసుకోవాలి.

పుట్టకపోవడానికీ, పుట్టి నశించడానికీ ఉన్న తేడా ఎంత బరువైనదో అశోక్‌నగర్‌లో చదువుకునేవారికి వేరే చెప్పనక్కర్లేదు. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 503 గ్రూప్-1 పోస్టులకు 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిపి, 2023 జనవరిలో 25,050 మందిని మెయిన్స్‌కు ఎంపిక చేసింది. ఆ మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడింది. కమిషన్ కార్యాలయంలోని కంప్యూటర్ నుంచే పత్రాలు బయటికి పోయాయని పోలీసులు చెప్పారు. మార్చి 17న పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ జరిపిన ప్రిలిమ్స్‌ను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఆ 25,050 మంది పేర్లు జాబితాలో ఎప్పుడూ లేనివి కావు. ఉండి పోయినవి. తర్వాత ఏ జాబితాలో పేరు వచ్చినా, అది పాత ఎంపిక తిరిగి రావడం కాదు. వాళ్ల బాధను ఎంపిక కానివాళ్ల బాధతో కలిపి ఒకే ‘లేదు’గా లెక్కవేయడం తర్కరీత్యా తప్పు, న్యాయంగానూ తప్పు. ఎవరికి ఏ కంప్యూటర్‌లో ఏ హక్కు ఉండాలన్నది చిన్న సాంకేతిక వివరం అనుకునేవారికి కూడా ఈ ఉదంతం చాలు.

అత్యంతాభావం మూడు కాలాల్లోనూ లేకపోవడం. వాయువుకు రంగు లేకపోవడం దీనికి శాస్త్రంలోని ఉదాహరణ. ఎంతసేపు ఆగినా గాలికి రంగు రాదు, ఆ అధికరణానికి ఆ యోగ్యత లేదు. లైనక్స్ అంకెను ఎస్‌ఐడీ నుంచి లెక్కగట్టకుండా, డైరెక్టరీలో రాసిపెట్టిన అంకెనే వాడాలని మెషీన్‌ను అమర్చారనుకుందాం. డైరెక్టరీలో ఆ గ్రూప్‌కు అంకె గడి ఖాళీగా ఉంటే, లైనక్స్ దృష్టిలో అలాంటి గ్రూపే లేదు. అందులో వందమందిని చేర్చినా ఒక్కరికీ అది రాదు. అలాగే యాక్టివ్ డైరెక్టరీలో ‘డొమైన్ లోకల్’ రకం గ్రూప్ తన డొమైన్‌లోని మెషీన్లకే చెల్లుతుంది. వేరే డొమైన్‌కు కలిపిన మెషీన్‌లో అది కనబడకపోవడం లోపం కాదు, నియమం. ఇక్కడ యూజర్ సభ్యత్వాన్ని ఎంత పరీక్షించినా ఫలితం ఉండదు. గ్రూప్ యోగ్యతను పరీక్షించాలి. తోటివాళ్లలో ఒక్కరికైనా ఆ మెషీన్‌లో ఆ గ్రూప్ వస్తోందా అని చూడటం దీనికి మంచి పరీక్ష.

అన్యోన్యాభావం అంటే ఇది అది కాకపోవడం. కుండ బట్ట కాదు. ఒకే పేరున్న రెండు గ్రూపుల విషయంలో ఇది వస్తుంది. మెషీన్ సొంత ఫైల్‌లో ‘ప్రాజెక్ట్’ అనే స్థానిక గ్రూప్ 1001 అంకెతో ఎప్పుడో సృష్టించి ఉంటుంది. డైరెక్టరీలోని ‘ప్రాజెక్ట్’ పెద్ద అంకెతో ఉంటుంది. పేరు అడిగినప్పుడు మెషీన్ ముందు తన ఫైల్‌ను చూసి, దొరికింది కాబట్టి అక్కడే ఆగిపోతుంది. విద్యార్థిని చేతిలో ఉన్నది డైరెక్టరీ గ్రూప్ అంకె, ఫోల్డర్ మీద ఉన్నది స్థానిక గ్రూప్ అంకె. తెర మీద రెంటికీ ఒకే పేరు కనబడుతుంది. అంకెలు చూపించమని అడిగితే తప్ప ఈ తేడా బయటపడదు. ఒక మెషీన్‌లో ఎస్‌ఎస్‌ఎస్‌డీ, ఇంకో మెషీన్‌లో విన్‌బైండ్ వాడితే, రెండూ ఒకే ఎస్‌ఐడీకి వేరువేరు అంకెలు లెక్కగట్టే అవకాశం ఉంది. అప్పుడు ఈ చిక్కు మెషీన్ల మధ్యకు పాకుతుంది.

ఈ నాలుగిటికీ పైన, సభ్యత్వం ఒక గ్రూప్ నుంచి ఇంకో గ్రూప్‌కు పాకే సంగతి ఒకటుంది. వైశేషికుల సామాన్యాల్లో, అంటే జాతుల్లో, పెద్దదాని కింద చిన్నది ఒదుగుతుంది. కుండ పృథ్వి, పృథ్వి ద్రవ్యం, కాబట్టి కుండ ద్రవ్యం. ఈ వరస ఎంత పొడుగైనా తెగదు. డైరెక్టరీలో ప్రాజెక్ట్ గ్రూప్‌లో మూడో సంవత్సరం గ్రూప్, అందులో ఒక సెక్షన్ గ్రూప్ పెట్టినప్పుడు, సెక్షన్‌లో ఉన్నవారందరూ ప్రాజెక్ట్‌లో ఉన్నట్టేనని మనిషి అనుకుంటాడు. మెషీన్ మాత్రం ఆ వరసలో ఎన్ని మెట్లు ఎక్కాలో ముందే హద్దు పెట్టుకుంటుంది. సాధారణ ఎల్‌డాప్ అమరికలో ఎస్‌ఎస్‌ఎస్‌డీకి ఆ హద్దు 2. హోమ్ ఫోల్డర్లు ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మీద ఉంటే ఇంకో హద్దు ఎదురవుతుంది. మామూలు పద్ధతిలో మెషీన్ ఆ సర్వర్‌కు ఒక్కో యూజర్ గురించి 16 అదనపు గ్రూపులే పంపగలదు. పదిహేడోది దారిలోనే రాలిపోతుంది. డైరెక్టరీలో, క్యాష్‌లో, ప్రాసెస్‌లో అన్నిచోట్లా సభ్యత్వం ఉన్నా ఫోల్డర్ తెరుచుకోదు. ఇంతవరకు చెప్పిన మూడు అధికరణాలకు తోడు ఆ సర్వర్ నాలుగోది. గ్రూపులను యూజర్ మెషీన్ చెప్పినట్టు కాక, సర్వర్ తానే వెతుక్కునేలా అమరిస్తే ఈ చిక్కు తీరుతుంది.

వెతికే క్రమం కూడా దీన్నిబట్టే ఏర్పడుతుంది. తలుపు మూసుకున్న చోటు నుంచి వెనక్కి నడవాలి. ముందు ఫైల్ మీద ఉన్న గ్రూప్ అంకె, తర్వాత ప్రాసెస్‌లోని అంకెలు, తర్వాత పేరుతో అడిగితే మెషీన్ చెప్పే జవాబు, చివరికి డైరెక్టరీ సొంత రికార్డు. ఎక్కడ ఉంది, ఎక్కడి నుంచి లేదు అన్న సరిహద్దు దొరికితే అభావం ఏ రకమో తెలుస్తుంది. చాలామంది ఆ సరిహద్దు వెతక్కుండా అభావాన్ని పూడ్చేస్తారు. విద్యార్థిని పేరును మెషీన్ స్థానిక ఫైల్‌లో చేరుస్తారు, లేకపోతే ఫోల్డర్‌ను అందరికీ తెరిచేస్తారు. అప్పటికి పని జరుగుతుంది. కానీ రేపు ఆమెను డైరెక్టరీలో తీసేసినా ఆ మెషీన్ మాత్రం ఉందనే చెబుతుంది. లేనిదాన్ని సరిచేయబోయి, ఎవరి నమోదులోనూ లేని ఉనికిని సృష్టించినట్టవుతుంది. ఇది చిన్న తప్పు కాదు. దీన్ని వెతికి పట్టుకోవడం మొదటి చిక్కుకన్నా ఎన్నో రెట్లు కష్టం.

నాలుగు అధికరణాల్లోనూ చూసి, చూపు యోగ్యమైనదేనని నిర్ధారించుకున్నాక కూడా డైరెక్టరీలో ఆమె పేరు లేకపోతే, మెషీన్‌లో వెతకడానికి ఇక ఏమీ లేదు. అధ్యాపకుడు చేర్చానని అనుకుని చేర్చలేదేమో, వేరే పేరున్న విద్యార్థినిని చేర్చాడేమో, చేర్చకూడదని ఎవరైనా నిర్ణయించారేమో అడిగి తెలుసుకోవాలి. నిర్వాహకుడికి చేర్చే శక్తి ఉంటుంది, చేర్చాలా వద్దా అని నిర్ణయించే అధికారం ఉండదు. యాక్టివ్ డైరెక్టరీలో ప్రతి గ్రూప్‌కూ దాన్ని ఎవరు చూసుకుంటారో రాసే గడి ఒకటి ఉంది. అందులో ఉన్న పేరుకు ఫిర్యాదును పంపాలి. ఆ గడి ఖాళీగా ఉంటే, గ్రూప్‌లో ఎవరినీ చేర్చకముందే కాలేజీ చేత దాన్ని నింపించాలి.